చిన్న లైటు ఆరేదాకా

"బాబాయ్, డబ్బా మళ్ళీ బిగుసుకుంది."

"తెలుసమ్మాయ్. మోటార్ల నోరు పడిపోయింది. నువ్వు ఫోన్ చేస్తావని చెప్పులేసుకుని మరీ కూచున్నా."

"గోడ స్విచ్చు ఆపండి. వెంటనే వెయ్యొద్దు. ఆ చిన్న లైటు పూర్తిగా ఆరేదాకా ఆగండి. ఓ ఊపిరి తీసుకుని, అప్పుడు వెయ్యండి."

"ఊపిరి తీసుకోవడమే కష్టమమ్మా ఇక్కడ. మిగతావన్నీ తేలిక," అన్నాడు అవతలి ముసలాయన. రోజూ అనే మాటే, రోజూ అప్పుడే తట్టినట్టు అంటాడు. టక్కుమని స్విచ్చు చప్పుడు వినబడింది, కాసేపు ఏమీ లేదు, మళ్ళీ టక్కు. ఆ వెనకే గొంతులో కఫం అడ్డుపడ్డ మనిషిలా మోటార్లు దగ్గి, గురగురమంటూ అందుకున్నాయి. ఆఫీసు గోడమీది టీవీలో ఎర్రగా ఉన్న చుక్క పచ్చబడింది.

ఆమెను ఆఫీసులో అందరూ రీస్టార్టమ్మ అంటారు. మొదట వేళాకోళానికి అన్నారు, తర్వాత అదే పేరైపోయింది. ఊళ్ళో పల్లపు వీధులన్నిటికీ మురుగునీళ్ళు ఎత్తిపోసే పంపుగదులున్నాయి. ఒక్కో గదిలో టిఫిన్ డబ్బా అంత చిన్న కంప్యూటరు ఒకటి. బావిలో మురుగు ఎంతదాకా వచ్చిందో కనిపెట్టి మోటార్లు నడపడం, తగ్గాక ఆపడం దాని పని. చెమ్మకో, వేడికో, కరెంటు ఎగుడుదిగుళ్ళకో ఆ డబ్బా ఉన్నట్టుండి బిగుసుకుపోతుంది. అప్పుడు దాన్ని బతిమాలినా తిట్టినా ప్రయోజనం లేదు. ఒకసారి చంపి మళ్ళీ బతికించాలి. ఆ చంపి బతికించే మాట చెప్పేది ఆమె, చేసేది గదిలో ఉన్న పంపు మనిషి. ఇందాకటి ముసలాయన అన్నిటికన్నా పల్లంలో ఉన్న గది మనిషి. ఎన్నాళ్ళుగానో ఫోన్లో బాబాయ్ అని పిలవడమే గాని ఆమె ఆయన మొహం చూసి ఎరగదు.

అంతలో గదిలోకి సెంటు వాసన వచ్చింది, దాని వెనక బావ వచ్చాడు. కంపెనీ అతనిదే. ఆమె అక్క మొగుడు. ఆమె ఉండేది కూడా వాళ్ళ ఇంట్లోనే, మేడమీది గదిలో. నలుగురిలో సార్ అనాలి, ఎవరూ లేనప్పుడు బావా అనాలి. ఈ రెండు పిలుపుల మధ్యా పడి ఆమె చెప్పాలనుకున్నవి చాలా నలిగిపోతుంటాయి.

"మరదలు పిల్లా, ఎల్లుండే!" అన్నాడు చేతులు రుద్దుకుంటూ. "పెద్ద సారు స్వయంగా వస్తున్నారు, మీ బాబాయ్ గదికే. తన ఫోన్లోంచి తనే నొక్కుతారట. నొక్కగానే డబ్బా టక్కున ఆగాలి, మళ్ళీ నొక్కగానే టక్కున రావాలి."

పెద్ద సారంటే ఊరి మురుగంతా ఎవరి సంతకం కింద పారుతుందో ఆయన.

"ఆగుతుంది బావా. రాదు," అంది ఆమె.

"శకునం పలక్కు."

"శకునం కాదు. మీరు తెప్పించింది ఫోన్లోంచి నొక్కితే కరెంటు తీసి ఇచ్చే ప్లగ్గు. దానికి మన మాట అందేది నెట్టు మోసుకొచ్చే మోడెం వల్ల. మనవాళ్ళు ఆ మోడెం వైరు కూడా తీసుకెళ్ళి ఆ ప్లగ్గుకే తగిలించారు. 'ఆగు' అనగానే డబ్బాతోబాటు మోడెం కూడా ఆరిపోతుంది. ఆ తర్వాత 'రా' అని గొంతు చించుకున్నా వినేదెవరు?"

బావ ఒక్క క్షణం ఆలోచించాడు. కూర్చున్న కొమ్మను నరుక్కున్నవాడి కథ చిన్నప్పుడు అతనూ విన్నాడు. అయితే ఆ కథలో తను కింద నిలబడి చూసేవాడినని అతని నమ్మకం.

"ఒకే ప్లగ్గులో అన్నీ ఉంటే ఎంత నీటుగా ఉందో చూశావా? ఇనప పెట్టెలో పెట్టి, రివెట్లు కొట్టించి, ఫొటోలు కూడా పంపేశాం."

"మోడెంకి వేరే లైను లాగించాలి బావా. దాంతోబాటు డబ్బా పక్కన చిన్న కాపలా సర్క్యూటు ఒకటి పెట్టాలి. డబ్బా పలక్కపోతే అదే కరెంటు తీసి అదే ఇస్తుంది, మన ఫోనుతో కూడా పన్లేదు. కనీసం ఆ ఒక్క గదికైనా లైను లాగుదాం."

"ఒక్కదానికి లాగితే మిగతావాటికీ లాగమంటారు. ఫొటోల్లో అన్నీ ఒక్కలా ఉండాలి." అతను కుర్చీ దగ్గరికి లాక్కుని గొంతు తగ్గించాడు. "ఇది విను. ఎల్లుండి మీ బాబాయ్ గది లోపల తలుపేసుకుని కూచుంటాడు. మేమంతా బయట టెంటు కింద ఉంటాం. పెద్ద సారు 'ఆన్' నొక్కగానే నువ్వు ముసలాయనకి మిస్డ్ కాల్ ఇస్తావు. ఆయన గోడ స్విచ్చు ఆపి వేస్తాడు. ఆపి వేస్తే ప్లగ్గు మళ్ళీ మొదటికొస్తుందని నువ్వేగా చెప్పావు? అయిపోయింది. సారు వేలికి వచ్చిందో, ముసలాయన చేతికి వచ్చిందో మోటారుకేం తెలుసు?"

"తర్వాత?"

"తర్వాతేముంది, పంపుగదుల్లో మనుషులే ఉండరు. మనం అమ్ముతున్నదే అది కదే పిచ్చిమొహమా!" అని నవ్వాడు.

ఎదుటివాడి మెడ కోసేటప్పుడు కూడా నవ్వగలిగే మనుషులుంటారు. వాళ్ళ పళ్ళు చాలా శుభ్రంగా ఉంటాయి.

*

మర్నాడు ఏర్పాట్లు చూసి రమ్మని బావే పంపాడు. పంపుగదికి ఇంకా వీధి దూరం ఉండగానే వాసన ఎదురొచ్చింది. వీధికి ఒక పక్క ఇళ్ళు, ఇంకో పక్క ఇళ్ళ వెనక వైపు. గడపలన్నీ మోకాలెత్తు కట్టుకున్నారు. గడప దాటాలంటే పిల్లలు ఎక్కి దిగాల్సి వస్తోంది. ఆ ఎత్తు ఎందుకో ఆమెకు అడక్కుండానే అర్థమైంది.

గది ముందు బాబాయ్ నిలబడి ఉన్నాడు. గొంతును బట్టి ఎవరో బక్కపలచటి మనిషిని ఊహించుకుంది. చూస్తే భారీ మనిషి, జుట్టుకు నల్లరంగు, జేబులో దువ్వెన, మడత నలగని చొక్కా. పెళ్ళివారింటికి బయల్దేరినవాడిలా ఉన్నాడు.

"నువ్వేనా రీస్టార్టమ్మవి! గొంతు చూసి పెద్దదానివనుకున్నా."

"నేనూ మిమ్మల్ని సన్నగా ఉంటారనుకున్నా బాబాయ్."

"కంపుకి ఒళ్ళు చేశాను తల్లీ," అని పొట్ట నిమురుకున్నాడు.

లోపల బావి మీద ఇనప జాలీ. దాని సందుల్లోంచి కిందకి చూసింది. నల్లటి నీళ్ళమీద బూడిదరంగు నురగ, నురగలో పాత గుడ్డలు, సంచులు, జుట్టు ముద్దలు, ఉబ్బి వెల్లకిలా తేలుతున్న ఎలుక. మోటారు నడిచినప్పుడల్లా ఆ ముద్దంతా ఒక పక్కకి ఒరిగి, ఆగగానే మళ్ళీ తొణికేది. బాబాయ్ పొడుగాటి కొక్కెం తీసుకుని, చొక్కాకి అంటకుండా మోచెయ్యి దూరంగా పట్టుకుని, మోటారు మూతి దగ్గర చేరిన గుడ్డల్ని లాగి గట్టుమీద పడేశాడు. వాటిలోంచి కారినది ఆమె చెప్పుల దాకా వచ్చింది. ఆమె గబగబా బయటికి పరిగెత్తి గోడవార వాంతి చేసుకుంది.

బాబాయ్ చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చాడు. "మొదట కాసేపే తల్లీ. తర్వాత ముక్కు రాజీపడిపోతుంది. నాకైతే ఇంటికెళ్ళాక పూలవాసన కూడా తెలీదు. మీ పిన్ని ఏం వండిందో మూత తీసి చూస్తే గాని చెప్పలేను."

ఆమె నోరు కడుక్కుంది. చెప్పాలని దారిపొడుగునా కూడబలుక్కున్న మాట ఇప్పుడే చెప్పెయ్యాలి, లేకపోతే ఇంకెప్పుడూ చెప్పలేదు.

"బాబాయ్, రేపు మీరు ఆ స్విచ్చు వేస్తే మీ ఉద్యోగం పోతుంది. గదికి మనిషే అక్కర్లేదని చూపించడానికే ఈ తతంగమంతా."

బాబాయ్ దువ్వెన తీసి జుట్టు సవరించుకున్నాడు. "మీ బావగారు నాతో మాట్లాడారులే. నన్ను ఆఫీసులో తీసుకుంటారట. గుమ్మం దగ్గర కుర్చీ, నెత్తిన ఫ్యాను. వచ్చిపోయేవాళ్ళ పేర్లడగడమే పని. అందుకే కొత్త చొక్కా కుట్టించుకున్నా."

"ఆయన అలా చాలామందికి చెప్తారు."

"చూడమ్మాయ్, సొంత బావ గురించి అలా అనకూడదు. ఉప్పు తిన్న ఇల్లు." ఆయన గొంతులో నిజంగానే మందలింపు ఉంది. "వయసైపోయింది నాకు. నా కొక్కెం నాకు బరువైపోయింది. ఆ కుర్చీ కోసం ఒక్క అబద్ధం ఆడితే దేవుడేమీ అనుకోడు."

ఆమె చెంబు ఆయన చేతికిచ్చింది. తిరిగి వెళ్ళేటప్పుడు గమనిస్తే, వాసన ఇందాకటి అంత లేదు. గాలి మళ్ళిందేమో అనుకుంది. గాలి మళ్ళలేదు, ఆమె ముక్కే మళ్ళుతోంది. అది తెలిసి ఆమెకు తనమీద తనకే రోత పుట్టింది.

సాయంత్రం అక్క మేడమీదికొచ్చి మంచం అంచున కూచుంది. అక్క వచ్చి కూచుందంటే బావ పంపినట్టే.

"ఒక్క మిస్డ్ కాల్ అట కదే. ఇవ్వడానికి నీకు నొప్పేంటి?"

"అబద్ధం అక్కా అది."

"అబ్బో, హరిశ్చంద్రుడి చెల్లెలు! నువ్వు తినేది, కట్టేది, నీ నెత్తిమీద తిరిగే ఫ్యాను, అన్నీ ఆయన వ్యాపారంలోంచే వచ్చాయి. వాటికి లేని వాసన ఇప్పుడు దీనికొచ్చిందా?" అక్క లేచి, ఆమె జుట్టు చెవి వెనక్కి తోసింది. అక్క చెయ్యి మెత్తగా ఉంది. "నాకోసం ఇవ్వవే. ఒక్కసారి."

ఆమె సరేనంది.

*

టెంటు కింద తెల్లటి గుడ్డలు పరిచిన బల్లలు, బల్లలమీద స్వీట్లు, పెద్ద టీవీ. టీవీలో పచ్చచుక్క. పెద్ద సారు తెల్లటి బూట్లతో దిగి, ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకున్నాడు. ఆయన్ని చూసి వెనకవాళ్ళందరూ తలా ఒక రుమాలు తీశారు. రుమాళ్ళ మీంచి కళ్ళు మాత్రం కనబడుతుంటే దొంగల గుంపు సభ పెట్టినట్టుంది. బావ ఒక్కడే రుమాలు లేకుండా నిలబడ్డాడు. "అలవాటైపోయింది సార్, ఇదే మా కర్మభూమి," అన్నాడు. అతను ఆ గది ముందు నిలబడటం అదే మొదటిసారి.

వీధిలోవాళ్ళు గడపలమీద నిలబడి స్వీట్లకేసి చూస్తున్నారు. వాళ్ళను ఎవరూ పిలవలేదు.

పెద్ద సారు ఫోన్లో నొక్కాడు. గురగురలాడుతున్న మోటార్లు టక్కున ఆగిపోయాయి. టీవీలో చుక్క ఎర్రబడింది. అందరూ చప్పట్లు కొట్టారు. బిగుసుకున్న డబ్బాలను దూరంనుంచే చంపడం ఎంత తేలికో చూడమని బావ చెయ్యి ఊపాడు.

"ఇప్పుడు 'ఆన్' నొక్కండి సార్."

సారు నొక్కాడు. బావ ఆమెకేసి చూశాడు. ఆమె చేతిలో ఫోను ఉంది, తెరమీద బాబాయ్ నంబరుంది, బొటనవేలు దానిమీదే ఉంది. నొక్కాలి. నిన్న సరేనంది. వేలికింద తెర చెమటతో జారుతోంది. తలుపు వెనక కొత్త చొక్కాలో ఆ ముసలాయన తన మెడకు తానే ఉరి బిగించుకోవడానికి ఆమె పిలుపుకోసం ఎదురుచూస్తున్నాడు. ఆమె వేలు తీసేసింది.

బావ నవ్వు మొహంమీదే ఎండిపోయింది. "నెట్‌వర్కు కొంచెం… వస్తుంది సార్," అన్నాడు. ఆమెకేసి గుడ్లురిమాడు. ఆమె ఫోను సంచిలో వేసుకుంది. టెంటు కింద ఎవరో దగ్గారు. గది లోపల్నించి నీళ్ళు నిండుతున్న చప్పుడు, మొదట బొటబొటా, తర్వాత కాస్త లావుగా. ఇంకాసేపు ఇలాగే ఆగితే చాలు, ఈ రోత ఇక్కడితో అయిపోతుంది, ముసలాయన బతికిపోతాడు అనుకుంది ఆమె. ఊపిరి బిగబట్టింది.

లోపల టక్కుమంది. కాసేపాగి మళ్ళీ టక్కు. మోటార్లు దగ్గి, గురగురమన్నాయి.

చప్పట్లు మిన్నంటాయి. పెద్ద సారు తన వేలికేసి తనే చూసుకుని మురిసిపోయాడు. బావ స్వీటు ముక్క తీసి ఆమె నోటిదాకా తెచ్చాడు. "హడలగొట్టావు కదే మరదలా!" అన్నాడు. ఆలస్యం కూడా ఆమె చమత్కారమే అనుకున్నాడు. ఆమె ముక్క తీసుకుని గుప్పిట్లో నలిపేసింది.

అందరూ వెళ్ళాక బాబాయ్ బయటికొచ్చాడు.

"నేను ఫోను చెయ్యలేదు కదా బాబాయ్! ఎందుకు వేశారు?"

"చూశాను, చెయ్యలేదు. కానీ నీళ్ళ చప్పుడు మారిపోయింది తల్లీ. అది అలా మారిందంటే పక్కింటి మరుగుదొడ్లో పైకి తన్నుతుందన్నమాట. చెయ్యి ఆగలేదు." ఆయన చొక్కా చంకల్లో తడిసి ఉంది. "ఎందుకు చెయ్యలేదు నువ్వు? నా కుర్చీ పోగొడదామనా?"

ఆ సాయంత్రమే బావ గదికి కొత్త తాళం వేయించి, పాత తాళంచెవి పుచ్చుకున్నాడు. కుర్చీ సంగతి కబురు పెడతానన్నాడు. వెళ్ళేటప్పుడు బాబాయ్ చెయ్యి పట్టుకుని ఊపాడు. కారెక్కాక సీసాలోంచి వాసన మందు ఒంపుకుని, వేలూ వేలూ విడదీసి రుద్దుకున్నాడు. ఆ రుద్దుకోవడం పక్కసీట్లోంచి ఆమె ఇల్లు చేరేదాకా చూసింది.

కబురు వెళ్ళలేదు. బాబాయ్ ఆఫీసు గుమ్మం దాకా వచ్చి, అదే చొక్కాలో నిలబడి, సారు లేరని చెప్పించుకుని వెళ్ళాడు. లోపల బావ స్వీట్లు పంచుతున్నాడు.

*

వాన మధ్యాహ్నం పట్టుకుంది. ఆమె టీవీకేసి చూస్తుండగానే బాబాయ్ గది చుక్క ఎర్రబడింది. డబ్బా బిగుసుకోలేదు. ఎవరో ఆపారు. ఎవరో చూస్తే పెద్ద సారు ఫోను. 'ఆపు' అని ఒకసారి, 'రా' అని వరసగా ఎన్నోసార్లు. పైఊరినుంచి వచ్చిన అతిథులకు భోజనాల దగ్గర తన వేలి మహిమ చూపించుకోవాలనిపించింది ఆయనకు. ఆగడం చూపించాడు. రావడం చూపించలేకపోయాడు. తర్వాత అందరూ భోజనాల్లో పడ్డారు. ఆ భోజనాల్లో బావ కూడా ఉన్నాడు, అతని ఫోను మోగి మోగి ఆగిపోయింది.

అలవాటుగా ఆమె బాబాయ్ నంబరు నొక్కింది. నొక్కాక గుర్తొచ్చింది, ఆయన అక్కడ లేడని.

"అమ్మాయ్, చెప్పు," అన్నాడాయన.

"మీ గది ఆగిపోయింది బాబాయ్. వాన."

"నా గదేంటి!" అన్నాడు. ఫోను పెట్టేశాడు.

తాళంచెవి కోసం ఇంటికి పరిగెత్తింది. సొరుగులన్నీ లాగి వెతుకుతుంటే అక్క వెనకే తిరుగుతూ, ఆయన్నడక్కుండా తియ్యకూడదంటుంది, ఏమైందంటుంది, కార్పెట్ మీద తడి కాళ్ళంటుంది. చివరికి చెవి దొరికి ఆమె వీధి చేరేసరికి వీధి లేదు. నల్లటి నీళ్ళు, నీళ్ళమీద ఆ నురగ. మోకాలెత్తు గడపలు మునిగాయి. ఒకామె మంచంమీద నిలబడి పసిపిల్లను నెత్తిమీదికి ఎత్తి పట్టుకుంది. ఇంకో ఇంట్లో వంటపొయ్యిమీదికి మలం తేలి వచ్చింది, ఆ ఇంటి మనిషి గరిటతో దాన్ని తోస్తోంది, తోసినకొద్దీ వస్తోంది. ఏడవడం లేదామె. బూతులు తిడుతోంది, ఒకరినని కాదు, వరసపెట్టి అందర్నీ.

కాని మోటార్లు నడుస్తున్నాయి. గది తలుపు తెరిచి ఉంది, తాళం పగిలి కొంకికి వేలాడుతోంది. మెట్టుమీద బాబాయ్ నడుందాకా బురదలో తడిసి కూచున్నాడు. అరచేతికి చొక్కా చింపి కట్టుకున్నాడు. రంగు కరిగి జుట్టులోంచి చెంపమీదికి నల్లటి చార దిగింది.

"రాయితో కొట్టానమ్మా. మీ బావ మంచి తాళమే కొన్నాడు."

ఆమె కూడా దిగి, అందరితోబాటు పరుపులు మోసింది, బకెట్లు అందుకుంది. ఈసారి వాంతి రాలేదు. ఏడుపు వచ్చింది, అదీ కోపంతో.

ఇంటికెళ్తే అక్క వంటగది గుమ్మంలో చెయ్యి అడ్డం పెట్టింది. "ఛీ, కంపు కొడుతున్నావు! లోపలికి రాకు." మూడుసార్లు తలంటుకుని వచ్చినా ముక్కు మూసుకుంది. భోజనాల దగ్గర బావ నింపాదిగా చెప్పాడు. పెద్ద సారు కంగారుపడుతున్నాడట, తన వేలివల్లే జరిగిందని బయటికొస్తే బాగుండదని. కాబట్టి జరిగింది ఇదీ: సారు నొక్కగానే డబ్బా వచ్చే ఉండేది, కాని పని పోయిందన్న అక్కసుతో ముసలాడు తాళం పగలగొట్టి లోపల కెలికాడు. రేపు పొద్దున్న సారు వచ్చి చూస్తాడు. తర్వాత పోలీసులకు అప్పజెప్తారు.

"బావా, ఆయన లేకపోతే ఆ వీధి ఇంకా మునిగే ఉండేది."

"మునిగింది వీధేగా. నువ్వూ నేనూ కాదుగా. కంపెనీ మునిగితే అందరం మునుగుతాం." అని మజ్జిగ పోయించుకున్నాడు.

ఆమె అక్కకేసి చూసింది. అక్క కంచంలోకే చూస్తూ అంది: "ఆ ముసలాయన మనకేమవుతాడు? మీ బావ పరువు తీశావంటే మాత్రం ఈ గడప తొక్కకు."

ఆమె పళ్ళెం పక్కకి జరిపింది. కంపు తన ఒంటినుంచే వస్తోందని ఇంతసేపూ అనుకుంది. కాదు. ఆ బల్ల చుట్టూ అంతా అదే, ఆ ఇద్దరి ముక్కులూ ఎప్పుడో రాజీపడిపోయాయి.

*

పొద్దున్న బయల్దేరేటప్పుడు సంచిలో బట్టలు సర్దుకుంది. అక్క చూసి, తలుపు దగ్గరికేసింది.

గదిలో బురద ఇంకా కడగలేదు. గోడ స్విచ్చు పక్కనే బురద చీలమండ లోతు ఉంది. పెద్ద సారు తెల్లబూట్లతో గుమ్మంలోనే, కాస్త పొడిగా ఉన్నచోట నిలబడ్డాడు, ఒక చేతిలో ఫోను, ఇంకో చేత్తో ముక్కుమీద రుమాలు. వీధిలోవాళ్ళు తలుపు బయట మూగారు. బాబాయ్ లోపల గోడకానుకుని తలొంచుకున్నాడు. తాళం పగలగొట్టింది నేనే అని అప్పటికే ఒప్పేసుకున్నాడు. తక్కినదంతా కూడా ఒప్పించడం ఎంతసేపు?

"మెషీను తప్పు ఇసుమంతైనా లేదు సార్," అంటున్నాడు బావ. "మీ కమాండు అందింది. ఈ పెద్దమనిషి కెలకడం వల్లే…"

"అదే నేనూ అనుకున్నా," అన్నాడు సారు. ఆయన మొహంలో బరువు దిగిన కళ వచ్చింది. నమ్మితే లాభమున్న అబద్ధాన్ని నమ్మడానికి ఎవరికీ శ్రమ ఉండదు.

"సార్," అంది ఆమె. "ఇప్పుడు బావి సగం కూడా లేదు, వాన లేదు. ఎవరికీ నష్టముండదు. మీ చేత్తోనే ఇంకొక్కసారి ఆపి తెప్పించండి. మెషీను మంచిదైతే అందరి ముందూ తేలిపోతుంది."

"అవసరమా ఇప్పుడు…" అన్నాడు బావ.

తలుపు బయటనుంచి, నిన్న గరిట పట్టుకున్న మనిషి గొంతు లేచింది. "నొక్కండి సారూ! మేమూ చూస్తాం. ఆ రోజు గడపమీంచి సరిగ్గా కనబళ్ళేదు."

సారు నొక్కాడు. మోటార్లు ఆగాయి. మళ్ళీ నొక్కాడు. ఫోన్లో ఒక గుండ్రటి గుర్తు తిరుగుతూనే ఉంది. ఇంకోసారి నొక్కాడు.

బావ చూపు ఆమె ఫోను మీద పడింది. ఆ చూపులో బెదిరింపు ఉంది, దాని వెనక బతిమాలడం కూడా ఉంది. ఆమె ఫోను తీసి అందరికీ కనబడేలా ఇనప పెట్టె మీద పెట్టి, దూరంగా జరిగింది. కింద నీళ్ళు బొటబొటా మొదలయ్యాయి. బాబాయ్ చెయ్యి దానంతటదే స్విచ్చుకేసి లేచింది. ఆయన ఆమెకేసి చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. బాబాయ్ రెండు చేతులూ చంకల్లో గట్టిగా ఇరికించుకున్నాడు. కట్టుగుడ్డ మీద రక్తం కొత్తగా ఊరింది.

నీళ్ళ చప్పుడు లావెక్కింది.

"ఎవరైనా వెయ్యండయ్యా ఆ స్విచ్చు!" అన్నాడు సారు.

బావ ఒకడుగు వేసి, బురద చూసి ఆగిపోయాడు. ఇంకెవరూ కదల్లేదు.

"ఎవరూ అక్కర్లేదని రాసుకున్నారట కదా సార్," అన్నాడు బాబాయ్, చేతులు తియ్యకుండా.

పెద్ద సారు వెనక్కి చూశాడు. గుమ్మం నిండా మనుషులున్నారు, జరగడం లేదు. ముందుకు చూశాడు. ఒక తెల్లబూటు బురదలో దించాడు, రెండోది దించాడు. ఫోను జేబులో పెట్టుకుని, ఆ చెయ్యి చాచి గోడమీది స్విచ్చు పట్టుకున్నాడు. అది జిగటగా ఉంది.

రీస్టార్టమ్మ రోజూ ఫోన్లో మాట్లాడే గొంతుతోనే చెప్పింది. "గోడ స్విచ్చు ఆపండి సార్. వెంటనే వెయ్యొద్దు. పెట్టె కంతలోంచి కనబడే ఆ చిన్న లైటు పూర్తిగా ఆరేదాకా ఆగండి."

ఆయన ఆపి, ఆగాడు. అందరూ ఆ ఎర్రటి చుక్కకేసే చూస్తున్నారు. అది సన్నబడి, సన్నబడి, ఆరిపోయింది.

"ఇప్పుడు ఓ ఊపిరి తీసుకుని, వెయ్యండి."

పెద్ద సారు రుమాలు దించాడు. గుండెనిండా ఊపిరి పీల్చుకున్నాడు. మొహం వికారంగా మారింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పుడు వేశాడు.